ఇప్పుడే తిని వచ్చాం

మేము ఫుడ్ బ్యాంక్ తెరిచిన మొదటి ఆదివారం పద్నాలుగు బస్తాల బియ్యం వచ్చి పడ్డాయి. తీసుకుపోవడానికి మాత్రం ఒక్క మనిషీ రాలేదు. షట్టర్ పైకెత్తి, మామిడాకులు కట్టి, కొత్త నేతచీర కట్టుకుని పొద్దున ఎనిమిదింటి నుంచి నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. పదకొండు దాటేసరికి ఒళ్ళు మండిపోయింది. ఇంత చాకిరీ చేసి పెడితే రారేమిటి వీళ్ళు అని ఆ బస్తాల మీదే విసుక్కున్నాను.

మాది శంషాబాద్‌లో ఒక కాలనీ. మావారి ఉద్యోగం వల్ల గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి పద్దెనిమిదేళ్ళయింది. విమానాలు మా డాబాల మీదుగానే దిగుతాయి. ఒకటి నెత్తి మీదకు వచ్చిందంటే మాట్లాడుతున్న మాట ఎక్కడికక్కడ ఆపేసి, అది పోయాక సరిగ్గా అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టడం మా అందరికీ అలవాటు. కొత్తగా వచ్చిన చుట్టాలు మాకేదో అయిందని కంగారు పడతారు.

మా ఇంటి కింద ఒక షట్టర్ గది ఉంది. అందులోని కిరాణా కొట్టు ఎత్తేశాక చాలాకాలం మూతపడే ఉంది. ఉన్నవాళ్ళు సరుకులు తెచ్చి పెడితే లేనివాళ్ళు ఊరికే తీసుకెళ్ళేలా అక్కడ ఫుడ్ బ్యాంక్ పెడదామన్నది నేను. "పెట్టు, నేనొస్త" అన్నది పక్కింటి అక్క. వాళ్ళది ఇక్కడి పాత రైతు కుటుంబం. ఇప్పుడు మా కాలనీ ఉన్న నేలలో ఒకప్పుడు వాళ్ళే జొన్న వేసేవాళ్ళు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, స్కూటీ నడుపుతుంది, ఏ మాటైనా మొహం మీదే అంటుంది. నేనూ తక్కువదాన్నేం కాదు గానీ, అనేముందు కాస్త బెల్లం పూస్తాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క వచ్చి, బస్తాల ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"గిన్ని బియ్యం ఏంది చెల్లే? ఎవలికి గావాలె? రేషన్ల సన్నబియ్యం వస్తున్నయ్ గద. అన్నంల ఏం కలుపుకుంటరో గది జూడు."

నిజమే. దానమంటే బియ్యమేనని కాలనీలో అందరికీ అనిపించింది, నాతో సహా. ఏం కావాలో అవసరం ఉన్నవాళ్ళనే అడుగుదామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. ఆ సాయంత్రమే అక్క కాలనీ వాట్సాప్ గ్రూపులో తన గొంతు రికార్డు చేసి పెట్టింది. "బియ్యం బంజేయుండ్రి. కందిపప్పు, నూనె, చింతపండు, జొన్నపిండి, ఉల్లిగడ్డ తెండ్రి." దెబ్బకి సరుకు మారిపోయింది. బస్తాలు ఒక అనాథాశ్రమానికి పంపేశాం.

సరుకుతో పాటు సలహాలూ వచ్చాయి. స్మార్ట్ ఫోన్ ఉన్నవాళ్ళకి ఇవ్వకండి అని ఒకావిడ. మెడలో బంగారం ఉందేమో చూసి ఇవ్వండి అని ఇంకొకావిడ, ఆవిడ మెడలో రెండు వరసలు. ఊరికే ఇస్తే బద్ధకం పెరుగుతుందని ఒక రిటైరైన పెద్దాయన, తన వాలుకుర్చీలో నుంచి లేవకుండానే. నేను లోపల నవ్వుకున్నాను గానీ, నేను చేసిందేమిటి? ఒక రిజిస్టరు పెట్టాను. ఆధార్ జిరాక్స్ తెమ్మన్నాను. గోడకి పెద్ద ఫ్లెక్సీ కట్టించి, దాని మీద దాతల మొహాలు వేయించాను. దాని ముందు నిలబెట్టి ఫోటో తీస్తే ఇచ్చినవాళ్ళకి తృప్తిగా ఉంటుందన్నదీ నేనే. ఈ పాపం ఎవరి మీదకీ తోయను.

రెండో ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. వాళ్ళలో ఒక ముసలాయన. మహేశ్వరం వెళ్ళే దారిలో ప్లాట్ల వెంచర్ ఒకటి ఉంది, దానికి కాపలా మనిషి. ఉతికిన పంచె, జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆధార్ అడిగితే ఆ కాగితం తీసి చూపించాడు. అది దవాఖానా చీటీ.

"మా ఆమెకు షుగరమ్మా. కాలు బొటనవేలికి పుండయింది. రెండు నెలల సంది మానుతలేదు. అన్నం తగ్గియ్యుండ్రి, జొన్నరొట్టె, పప్పు, కూర పెట్టుండ్రి అన్నడు డాక్టరు. గిట్లనే ఉంటే వేలు తీసెయ్యాల్సొస్తదట. ఇంట్ల జూస్తే బియ్యమే ఉన్నయ్. జర జొన్నపిండి ఉంటే ఇయ్యుండ్రి."

అక్క అప్పటికే సంచి నింపుతోంది. జొన్నపిండి, కందిపప్పు, పెసర్లు, నూనె. సంచికి ఒక కొస మా కాలనీ అధ్యక్షులు పట్టుకున్నారు, ఇంకో కొస ఆ ముసలాయన చేతికిచ్చాం. నేను ఫోను ఎత్తాను.

"కాస్త నవ్వండి పెద్దాయనా" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఫోను వైపు చూశాడు, వెనక ఫ్లెక్సీ వైపు చూశాడు. సంచిని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు, నూనె ప్యాకెట్ చిట్లకుండా మెల్లగా. "మాకున్నయ్ తీ అమ్మా, తిన్నం" అని వెళ్ళిపోయాడు.

"ఉంటే ఎందుకొచ్చినట్టో!" అన్నాను నేను, ఆయనకి వినపడేంత గట్టిగానే. ఇదీ రాయాలి కదా, దాచుకుని ఏం లాభం.

మూడో ఆదివారం ఆయన రాలేదు. అక్క పొద్దుటి నుంచీ ఆ సంచిని పక్కనే పెట్టుకుని, వచ్చే ప్రతి ఆటో వైపూ చూసింది. నేను ఆ రోజు అందరి మీదా చిరాకు పడ్డాను. చిరాకు కాదది, భయం. చూడని ఆ ఆడమనిషి బొటనవేలు నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. నా ఫోటో పిచ్చి వల్ల ఒక మనిషి వేలు పోతే ఏ మొహం పెట్టుకుని ఆ షట్టర్ ఎత్తుతాను?

సోమవారం మధ్యాహ్నం ఇద్దరం స్కూటీ మీద బయలుదేరాం. అక్క నడుపుతోంది, వెనక నేను, నా ఒళ్ళో సంచి. గతుకు వచ్చినప్పుడల్లా జొన్నపిండి పైకి లేచి నా మీదే పడింది. వెంచర్‌కి పెద్ద కమాను, లోపల రంగు రంగుల హద్దురాళ్ళు, మనిషి జాడ లేదు. ఒక మూల రేకుల గది. గది పక్కన ఎర్రటి కాడలతో ఏపుగా పెరిగిన గోంగూర మడి. ముసలాయన మమ్మల్ని చూసి తత్తరపడి చాప పరిచాడు. ఆయన భార్య మంచం మీద నుంచే నవ్వింది. కాలికి కట్టు.

"రాండ్రి, అన్నం తిందురు. గిప్పుడే దించిన" అన్నదామె.

ఆ రోజు పొద్దున కాఫీ తప్ప నా కడుపులో ఏమీ లేదు. కానీ ఎవరైనా భోజనానికి పిలిస్తే మా వాళ్ళ నోరు దానంతటదే కదులుతుంది. "అయ్యో, ఇప్పుడే తిని వచ్చామండీ" అన్నాను. అప్పటికే చాప మీద సగం కూర్చున్న అక్కని చెయ్యి పట్టుకుని లేపాను. సంచి ముందుకు జరిపాను.

ఆయన సంచిని తిరిగి నా వైపే జరిపాడు. "మేం గూడ తిన్నమమ్మా. మాకన్నీ ఉన్నయ్. లేనోళ్ళకియ్యుండ్రి."

పొయ్యి పక్కన గిన్నెలో తెల్లటి అన్నం, ఇంకో గిన్నెలో పచ్చిపులుసు కనపడుతూనే ఉన్నాయి. ఎంత బతిమాలినా ఆయన వినలేదు. సంచి నా ఒళ్ళోనే వెనక్కి వచ్చింది.

దారిలో అక్క స్కూటీ పక్కకి తీసి ఆపింది.

"పొద్దున తిన్నవా నువ్వు?"

"లేదు."

"మరి తిన్ననని ఎందుకన్నవ్?"

"మర్యాదకి, అక్కా."

"ఆయన గూడ మర్యాదకే అన్నడు. నువ్వు ఆయన ఇంట్ల ముద్ద ముట్టవు, ఆయన మాత్రం నీ సంచి మొయ్యాలె. ఎట్లయితది చెల్లే? నేను కూసుంటుంటే గుంజుకొస్తివి."

మిగతా దారంతా ఆలోచించాను. మా కాలనీ ఇళ్ళలో అయితే రెండుసార్లు వద్దని మూడోసారికి కూర్చుంటాను, పెసరట్టు బాగుందంటే ఇంకోటి వేయించుకుంటాను. ఆ రేకుల గదిలో పదిసార్లు పిలిచినా కూర్చునేదాన్ని కాదు. ఆ గిన్నె చూసి, ఆ చాప చూసి వద్దనుకున్నాను. మర్యాద అన్నది దాని మీద కప్పిన శాలువా. చాలా సిగ్గేసింది.

సాయంత్రం ఫ్లెక్సీ నేనే కోసేశాను. అక్క దాన్ని వృథా పోనివ్వలేదు, తన గేదెల కొట్టం మీద కప్పింది. దాతలందరూ వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నారు. విమానాల్లో దిగేవాళ్ళకి కనపడితే కనపడనీ, అంతకంటే ప్రచారం ఏముంటుంది! రిజిస్టరు చింపి చింతపండు పొట్లాలు కట్టాం.

"రేపు మల్ల పోదాం. సంచి వద్దు, చేతులూపుకుంట పోదాం. పొద్దున ఏం తినకు" అన్నది అక్క.

"కాఫీ?"

"తాగు తల్లీ. లేకుంటే నీతోని నేను ఏగలేను."

మంగళవారం మేము వెళ్ళేసరికి ఆయన గోంగూర మడికి నీళ్ళు పెడుతున్నాడు. మా చేతుల వైపు చూశాడు. ఏమీ లేవు. మొహం కాస్త తేలికపడింది. చాప పరిచాడు.

"తిన్నరా అమ్మా?"

"ఇప్పుడే..." అన్నాను. నోరు మళ్ళీ దాని దారిన అది పోతోంది. అంతలో విమానం వచ్చింది. అలవాటు ప్రకారం ఆగాను. వాళ్ళూ ఆగారు. నలుగురం తలలు కొంచెం ఎత్తి, అది పోయేదాకా కదలకుండా ఉన్నాం. చప్పుడు తగ్గింది. ముగ్గురూ నా మొహం వైపు చూస్తున్నారు, మిగతా మాట కోసం.

"ఇప్పుడే ఆకలి మొదలైంది" అన్నాను. "ఏమీ తినలేదు. పెడితే తింటాను."

ఆమె పకపకా నవ్వింది. కుంటుకుంటూనే లేచింది, వద్దంటే వినలేదు. పళ్ళెంలో వేడి అన్నం, పచ్చిమిరపకాయలు వేసి నూరిన గోంగూర. నా పళ్ళెంలోకి ఆమె వడ్డిస్తుంటే ఎటు చూడాలో నాకు తెలియలేదు. ఊళ్ళో ఇంతమందికి వడ్డించాను గానీ, ఆకలి అని నోటితో చెప్పి పెట్టించుకోవడం ఇదే మొదలు. నలుగురం ఉన్న చోటే ఇంత కష్టంగా ఉంటే, ఫ్లెక్సీ ముందు, ఫోను ముందు ఆయనకెలా ఉండి ఉంటుంది? వాళ్ళ పూటలో వాటా తింటున్నానే అని ముద్ద కలుపుతూనే ఉండిపోయాను. అక్క మోచేత్తో పొడిచింది.

"ఎట్లున్నది మా పుంటికూర?" అని అడిగిందామె. ఇక్కడ గోంగూరని అలాగే అంటారు.

గోంగూర అంటే మా గుంటూరుదే అని పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో దబాయిస్తూ వచ్చినదాన్ని. ఏం చెప్పను, ఇంకోసారి వేయించుకున్నాను.

చెయ్యి కడుక్కున్నాక ముసలాయనతో అన్నాను, "ఆ రోజు మిమ్మల్ని నవ్వమన్నాను. నాదే తప్పు."

"నవ్వుదుననుకో అమ్మా, ముంగటి పండ్లు లేకపాయె" అని నోరు తెరిచి చూపించాడు. నిజంగానే రెండు లేవు. అందరం నవ్వాం. నవ్వు ఆగాక ఆయన కొంచెం ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "అయితే గా జొన్నపిండి... ఇయ్యాల తేలేదా?"

నేను అక్క వైపు చూశాను. అక్క లేచి వెళ్ళి స్కూటీ సీటు ఎత్తింది. డిక్కీలో సంచి!

"చేతులూపుకుంటూ పోదామన్నావు కదా?"

"చేతులే ఊపినం. డిక్కీ ఊపలే గద."

అప్పటి నుంచి ఆయన ప్రతి ఆదివారం వస్తున్నాడు. వచ్చేటప్పుడు ఒక పెద్ద గోంగూర మోపు తెస్తాడు. మా గదిలోకి వచ్చిన మొదటి తాజా కూర అదే. పెట్టిన పది నిమిషాల్లో అయిపోతుంది. మెల్లగా ఒక మూల పొయ్యి కూడా పెట్టాం. అక్క రొట్టెలు కొడుతుంది, గోంగూర నేను నూరుతాను. ఇచ్చేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ అదే బల్ల దగ్గర నిలబడి తింటారు. ఎవరు ఎవరో కొత్తవాళ్ళు చెప్పలేరు. ఊరికే ఇస్తే బద్ధకం పెరుగుతుందన్న పెద్దాయన వాలుకుర్చీ వదిలి మరీ వస్తున్నాడు, అందరికంటే ఒక రొట్టె ఎక్కువే తింటాడు.

మొన్న ఆదివారం షట్టర్ ముందు ఆటో ఆగింది. ముసలాయన దిగి చెయ్యి అందించాడు. వెనక ఆమె దిగింది. కట్టు లేదు, రెండు కాళ్ళకీ చెప్పులు. నేను ఆమె మొహం కంటే ముందు కాలే చూశాను. బొటనవేలు ఉంది, మచ్చ మాత్రం మిగిలింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనపడకుండా ఏదో ఒకటి అనాలి కదా, నోటికొచ్చింది అడిగాను.

"తిన్నారా?"

"తినలే బిడ్డా" అన్నదామె, గడప దాటుతూనే. "మస్తు ఆకలైతుంది. ఏమున్నయ్?"

ఒక మనిషి తినలేదంటే నాకింత సంతోషం కలగడం అదే మొదటిసారి. అక్క అప్పటికే పెనం మీద నుంచి రొట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది.