ఒకే బరిలో దిగని జతలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన అతి పెద్ద గొడవ ఎప్పుడో చచ్చిపోయిన ఎడ్ల గురించి. ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు. ఆ గొడవ వల్ల ఆగిపోయింది నా చెవులు కుట్టించే వేడుక మరి.

మాది పర్చూరు పక్కన ఊరు. ఊళ్లోకి టీవీ ఇంకా రాని రోజులు. మా వైపు మగవాళ్లకు బండలాగుడు పందేలంటే పిచ్చి. కాడి కట్టిన ఎడ్లజత బరువైన రాతిబండను ఈడ్చుకుపోతుంది. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. ఏ జత దేనితో పోటీపడాలో పళ్లను చూసి, వయసు లెక్కగట్టి తేలుస్తారు. పాలపళ్ల గిత్తలు వేరు, రెండు పళ్లవి వేరు, అలా పైకి పోతుంది. అన్నిటికన్నా పెద్ద ఎడ్లకు ఒక మెట్టు కింద ఉండేది ఆరుపళ్ల విభాగం. బలం పూర్తిగా వచ్చి, పొగరు ఇంకా తగ్గని వయసు. చూస్తే వాటినే చూడాలనేవాళ్లు.

ఆ విభాగంలో ఒకప్పుడు ఎదురులేని జత మా నాన్నవాళ్ల నాన్నది. ఆయన నేను పుట్టకముందే పోయాడు. ఆయన్ని పెద్దతాతయ్య అనేవాళ్లం. ఆ జత మానేసిన కొన్నేళ్లకు అదే విభాగాన్ని ఏలిన జత మా అమ్మవాళ్ల నాన్నది, అంటే మా తాతయ్యది. రెండూ ఎప్పుడూ ఒకే పందెంలో దిగలేదు. దిగి ఉంటే ఏది గెలిచేది? దీనికి రెండూళ్లలోనూ ప్రతి మగాడి దగ్గరా జవాబుంది. ఎవరి ఊరి జవాబు వాళ్లది.

ఆ ఏడు మా మిరపకాయలు కల్లంలో ఎండుతున్నప్పుడు తాతయ్య వచ్చాడు, నా చెవుల ముహూర్తం మాట్లాడటానికి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించాలి, అదీ బేసి ఏట. నాకు ఏడో ఏడు నడుస్తోంది. అది దాటిందంటే తొమ్మిదో ఏడు దాకా ఆగాల్సిందేనని నాయనమ్మ తేల్చి చెప్పింది. బళ్లో ఆడపిల్లలు అప్పటికే నన్ను బోడిచెవుల పిల్ల అంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ముహూర్తం కుదిరింది. భోజనాల దగ్గర ఎడ్ల మాట ఎవరు ఎత్తారో గుర్తులేదు గానీ, తాతయ్య గోంగూర కలుపుకుంటూ అనేశాడు: "ఎంత చెప్పు అల్లుడూ, మీ నాన్న జత మా జత ముందు నిలిచేది కాదు. చివర్లో ఆయాసపడి ఆగిపోయే రకం."

నాన్న కలిపిన ముద్ద వదిలేసి కంచంలో చెయ్యి కడిగేశాడు. "మా నాన్న లేడు కాబట్టి ఆ మాట అనగలిగారు మామయ్యా," అని లేచిపోయాడు. తాతయ్య తగ్గే మనిషా? "ఉన్నమాటంటే ఉలుకెక్కువ," అంటూ తన అన్నం తను తిని, చెయ్యి తుడుచుకుని బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఇక మామగారి గడప తొక్కనన్నాడు నాన్న. అల్లుడు వచ్చి అడిగితేనే మా మేనమామను పంపుతానని తాతయ్య కబురు చేశాడు. కన్నతండ్రి పీటల మీద లేకుండా వేడుకేమిటని నాయనమ్మ. మధ్యలో అమ్మ అడకత్తెరలో పోకచెక్క. "ఎడ్లు పోయినా వాటి కొమ్ములు నన్ను పొడుస్తూనే ఉన్నాయి," అనేది. అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ, నాన్నకది ఎడ్ల గొడవ కాదు. పోయిన తండ్రిని, తిరిగి జవాబు చెప్పలేని మనిషిని, తన ఇంట్లోనే తక్కువ చేశారన్న బాధ. తాతయ్యకేమో తను జీవితంలో సాధించిన ఒకే ఒక్క గొప్పను అల్లుడు ఒప్పుకోవడం లేదన్న ఉక్రోషం.

అటువంటి సమయంలో మా కల్లానికి మైకు మాస్టారు వచ్చారు. ఆయన బళ్లో లెక్కలు చెప్పే పంతులుగారు. తిరునాళ్లలో పందేలు జరిగితే మాత్రం మైకు ఆయన చేతికే ఇచ్చేవాళ్లు. ఏ జత ఎలా లాగుతోందో ఆయన చెబుతుంటే కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. ఆ రెండు జతలకూ మైకు పట్టింది ఆయనే. ఏది గొప్పదని ఎందరు అడిగినా నవ్వి ఊరుకునేవారు. ఏటా కారానికి కాయలు మా దగ్గరే తీసుకునేవారు. ఆ రోజు అమ్మ రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ గొడవంతా చెప్పి కళ్లు తుడుచుకుంది. కారం చేతులతో కళ్లు తుడుచుకుంటే ఏమవుతుంది, ఇంకా ఏడ్చింది.

మాస్టారు, "మీ నాన్నగారికి కబురు పెట్టమ్మా. తీర్పు నేను చెబుతానన్నానని చెప్పు," అన్నారు.

తీర్పు అనేసరికి తాతయ్య మర్నాడు మొదటి బస్సుకే దిగాడు. ఇంట్లోకి రాలేదు, నేరుగా కల్లానికే వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. నాన్న ఎదురుగా గోతాల మీద కూర్చుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాయలేరే ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఎవరో ఒకరు గెలిచి నా చెవులు కుట్టిస్తే చాలు.

మాస్టారు ఒక్కటే షరతు పెట్టారు. ఎవరి ఎడ్ల గురించి వాళ్లు మాట్లాడకూడదు. నాన్న తాతయ్య జతను గెలిపించాలి, తాతయ్య పెద్దతాతయ్య జతను గెలిపించాలి. అది విన్నాకే తీర్పు. "ఇదేం పంచాయితీ అండీ," అని తాతయ్య విసుక్కున్నాడు. కానీ తీర్పు కావాలి కదా, ఇద్దరూ ఒప్పుకోక తప్పలేదు.

ముందు నాన్న. "బాగానే లాగేవి," అని ఊరుకున్నాడు. "నేను మైకులో అలా చెబితే జనం రాళ్లు వేస్తారయ్యా," అన్నారు మాస్టారు. ఆడవాళ్లు నవ్వారు. నాన్న ఇబ్బందిగా కదిలి, మెల్లగా మొదలుపెట్టాడు. బండ కదలకముందు ఆ రెండు ఎడ్లూ ఒకదాన్నొకటి చూసుకునేవట. చెర్నాకోల తగలాల్సిన పని లేకుండా, తాతయ్య వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే చాలు, రెండూ ఒకేసారి మెడ వంచేవట. అవి లాగుతుంటే బండ బరువు తగ్గిందేమోనని అనుమానం వచ్చేదట. చెప్పేకొద్దీ నాన్న గొంతు పెరిగింది. వాటిని చూడటానికి ఇంట్లో చెప్పకుండా సైకిలు తొక్కుకుంటూ వెళ్లేవాడట.

తాతయ్య తలెత్తి, "నువ్వొచ్చేవాడివా?" అన్నాడు. అప్పటికింకా నాన్న ఆయనకు అల్లుడు కాలేదు.

తర్వాత తాతయ్య వంతు. మంచం నులక తాడును వేలితో గీకుతూ కూర్చున్నాడు. ఎప్పుడూ ఊరంతా వినిపించేలా మాట్లాడే మనిషి, ఆ రోజు పక్కవాళ్లకు మాత్రమే వినిపించేలా చెప్పాడు.

"చివర్లో ఆయాసపడ్డాయన్నాను. అది ఆయాసం కాదు అల్లుడూ. ఆఖరి పందెంలో నేను బరి చుట్టూ కట్టిన తాడు పక్కనే నిలబడి ఉన్నాను. మీ నాన్న జతే ముందుంది. ఎడమవైపు ఎద్దు గిట్ట చీలి నెత్తురు కారుతోంది. జనం చూడలేదు. మీ నాన్న చూశాడు. చూసి కాడి దింపేశాడు. ఇంకాస్త లాగిస్తే గెలుపు ఆయనదే. జనం ఎగతాళి చేస్తున్నా ఒక్కమాట చెప్పకుండా ఎద్దును నడిపించుకుపోయాడు."

నాన్న కదలకుండా వింటున్నాడు. ఆయన అప్పట్లో బాపట్ల హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ఎడ్లు అలిసిపోయి ఓడాయనే ఊరు ఊరంతా చెప్పింది. పెద్దతాతయ్య బతికినంతకాలం ఇంట్లో కూడా అసలు సంగతి చెప్పలేదు.

"నేనైతే దింపేవాణ్ణి కాదు," అన్నాడు తాతయ్య. "లాగించేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే కాబోలు ఆ జత మాట వస్తే నా నోరు ఊరుకోదు."

నాన్న భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదలు. తాతయ్య లేచి వెళ్లి ఆ గోతాల మీదే పక్కన కూర్చున్నాడు, ఏం చేయాలో తెలియక నాన్న మోకాలి మీద చెయ్యి వేశాడు. కాసేపటికి నాన్న మొహం తుడుచుకుని, "ఇంటికి పదండి మామయ్యా, భోంచేద్దాం," అన్నాడు. తీర్పు గురించి ఎవరూ అడగలేదు. నోరున్నదాన్ని కదా, నేనొక్కదాన్నే అడిగాను. మాస్టారు నవ్వి, "నీ చెవులు కుట్టించే రోజు నాకు బూందీ పెడతావా లేదా, అది చెప్పు ముందు," అన్నారు.

చెవులు కుట్టించారు. కంసాలి బంగారు తీగ గుచ్చగానే నేను పెట్టిన కేకలకు మా మేనమామే భయపడ్డాడు. నాన్న ఒక పక్క, తాతయ్య ఒక పక్క కూర్చుని నన్ను సముదాయించారు. మాస్టారికి బూందీ నా చేత్తోనే పెట్టాను.

చాలా ఏళ్ల తర్వాత తాతయ్య పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ల దగ్గర నాన్న అరుగు మీద కూర్చుని తాతయ్య జత ఎలా లాగేదో చెబుతూనే ఉన్నాడు. తన తండ్రి జత మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. వింటున్న మా మేనమామ లోపలికి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాకు కోపం ఎక్కువ, మా ఇంట్లో అందరికీ తెలుసు. కోడళ్లతో, చెల్లెళ్లతో, చివరికి పాలవాడితో కూడా మాటా మాటా వస్తుంది. అయినా ఎవరినైనా తీసిపారేసేముందు, వాళ్ల తరఫున ఒక్క మాట నేనే చెప్పగలనా అని చూసుకుంటాను. మైకు నా చేతిలో ఉంటే ఈ మనిషిని ఎలా గెలిపిస్తాను అని ఆలోచిస్తాను. ఒక్కోసారి ఎంత వెతికినా ఆ మాట దొరకదు. అప్పుడు నోరు మూసుకుంటాను. దొరకలేదంటే ఆ మనిషిని నేనింకా సరిగ్గా చూడలేదన్నమాట.