నాయిన లామినేషన్ చేయించిన కాగితం

మా నాయినకు ఏ కాగితం కనపడినా లామినేషన్ చేయించే అలవాటుంది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, నా టీకాల కార్డు, ఆఖరికి నాలుగో తరగతిలో ముగ్గుల పోటీకి ఇచ్చిన సర్టిఫికెట్టు కూడా మా ఇంట్లో ప్లాస్టిక్కు లోపలే ఉంటాయి. వానకు తడవొద్దు, ఎలుక కొరకొద్దు, అంతే ఆయన ఆలోచన. అలాంటి కాగితం ఒకటి ఇప్పుడు హాస్టల్లో నా పెట్టె అడుగున ఉంది. చింపేద్దామని రెండుసార్లు బయటికి తీశాను. ప్లాస్టిక్కు చిరగదు కదా అని మళ్లీ లోపల పెట్టాను. కత్తెర ఆ పక్కనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను, ఆ సిగ్గు నాకు ఉండాల్సిందే కూడా.

మాది నెల్లికుదురు దగ్గరి పల్లె. నాయిన బోరు మోటర్లకు వైండింగ్ కడతాడు. కాలిపోయిన మోటరు విప్పి, పాత రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టడం ఆయన పని. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పిలిచినా పలకడు. ఒక్క చుట్టు అటూ ఇటూ అయినా మొత్తం విప్పాల్సిందే. ఇంటర్ అయ్యాక ఫిల్మ్ అండ్ వీడియో ప్రొడక్షన్‌లో డిగ్రీ చేస్తానని నేను చెప్పినప్పుడు కూడా ఆయన తీగ చుడుతున్నాడు. ఆ కట్ట అయిపోయేదాకా ఆగి, అప్పుడు తలెత్తాడు.

"గా సదువుకు పరీక్షలు గూడ టాకీసులనే వెడ్తరా బిడ్డా?" అన్నాడు.

వద్దనలేదు. అమ్మ మాత్రం రెండు రోజులు గునిసింది. మూడోరోజు తనే వాకిట్లో నిలబడి "మా పిల్ల కెమెర సదువు సదువుతదట" అని వచ్చేపోయేవాళ్లకు చెప్పడం విన్నాను.

నోటుబుక్కు వెనక పేజీలో ప్లాన్ గీసుకున్నాను. మొదటి ఏడు కెమెరా, రెండో ఏడు సౌండూ ఎడిటింగూ, మూడో ఏడు నా సొంత సినిమా. మానుకోటలో ఇంటర్ క్లాసులు జరుగుతుంటే నేను ఆ పేజీలో ఏ కాలేజీకి హాస్టల్ ఉంది, ఏ ఎంట్రన్సు ఎప్పుడు అని గడులు నింపుకుంటూ కూర్చునేదాన్ని. చివరికి హైదరాబాదులో ఒక కాలేజీ తేలింది. రాతపరీక్ష పాసయ్యాను. ఇంటర్వ్యూకి మాత్రం ఒక పేజీ రాసి తీసుకెళ్లాలి, నా జీవితం ఏమిటి, నాకు సినిమా ఎందుకు అని. తెలుగులో రాయొచ్చు. కింద నా సంతకం, పక్కన తండ్రి సంతకం ఉండాలి.

మొదట రాగితీగ గురించి రాశాను. ఎండ పడితే అది ఎట్లా మెరుస్తుందో, నాయిన పెదాలు కదుపుతూ చుట్లు ఎట్లా లెక్కపెడతాడో రాశాను. అది పట్టుకుని జనగామ వెళ్లి మా మేనత్త కొడుక్కి చూపించాను. బావకు అక్కడ పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే దుకాణం ఉంది. మా చుట్టాలందరిలో సినిమాకు దగ్గరి మనిషి ఆయనే. చదువుతూ ఆవులించాడు.

"గిది సదివి సీటెవరిస్తరే? గాళ్లకు కష్టం గావాలె. మా మామ తాగడు, అత్తను కొట్టడు. గిసొంటి ఇంట్ల ఏం కథ ఉంటది?"

బావను తిట్టుకుని లాభం లేదు. ఆయన కష్టం కావాలని మాత్రమే అన్నాడు. దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలో నేనే తేల్చుకున్నాను.

ఇంటికొచ్చి కొత్త పేజీ రాశాను. మా నాయిన రోజూ తాగి వస్తాడని, అమ్మను కట్టెతో కొడతాడని, నేను తలుపు వెనక దాక్కుని సందులోంచి చూసేదాన్నని రాశాను. "ఆ తలుపు సందే నా మొదటి ఫ్రేమ్" అని ముగించాను. ఆ వాక్యం తట్టినప్పుడు కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను, అంత మురిసిపోయాను. ఆ దెబ్బలు అబద్ధం కావు, మావి కావు, అంతే. అవి మా వెనకింటి అక్కవి. ఆమె భర్త కొట్టినప్పుడల్లా మా ఇంటికి ఉరికొచ్చేది. అమ్మ పసుపు రాసేది. నాయిన వెళ్లి అతని చేతిలో కట్టె గుంజుకుని వచ్చేవాడు. ఆ కట్టెనే నేను నా పేజీలో నాయిన చేతికిచ్చాను.

నాయిన తాగకపోవడం మా ఊళ్లో ఒక నవ్వులాట. దావత్‌లో అందరి ముందూ కల్లు ఉంటే ఆయన ముందు సోడా ఉంటుంది. అమ్మ తల్లిగారిల్లు కాటారంలో అయితే, అల్లుడు తాగకపోతే మాకు పరువు తక్కువ అని మామలు బతిమాలేవాళ్లట. నాయిన తండ్రి, మా తాత, తాగి తాగి చనిపోయాడు. అందుకని పెళ్లయిన వారానికి నాయిన అమ్మను కురవి తీసుకెళ్లి, గుళ్లో వీరన్న స్వామి ముందు కర్పూరం ఆర్పి, జీవితంలో తాగనని ఒట్టు పెట్టాడు. అమ్మ ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ మెడ కొంచెం నిటారుగా పెడుతుంది. ఇవన్నీ తెలిసే రాశాను.

తండ్రి సంతకం నేనే పెట్టేద్దామనుకున్నాను. ఆయన సంతకం కష్టమేమీ కాదు, పొడి అక్షరాలు. రేపు ఇంటర్వ్యూ అనగా ఫైలు తీద్దామంటే కనపడలేదు. సాయంత్రం నాయిన మోటారు సైకిలు మీద నెల్లికుదురు నుంచి వచ్చి, ఫైలు నా చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది.

"అన్ని చేయించిన బిడ్డా. ఒక్కటి గూడ ఇడువలే" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కుల ధ్రువీకరణ, వాటి తర్వాత నా పేజీ, తళతళలాడుతూ. కింద తండ్రి సంతకం చోటు ఖాళీగా, ప్లాస్టిక్కు కింద. చదివాడా అని మొహంలోకి చూశాను. చేతులు కడుక్కోవడానికి పోయాడు. నాయిన ఐదో తరగతి దాకా చదివాడు, నిదానంగా కూడబలుక్కుని చదువుతాడు. చదివావా అని అడగకుండా ఫైలు సంచిలో పెట్టుకున్నాను.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో ఒక మేడం. నా పేజీ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, చాలా బాగా రాశావు అంది. పక్కనున్న సారు కాగితం అటూ ఇటూ తిప్పి విసుక్కున్నాడు.

"తండ్రి సంతకం ఏదమ్మా? దీని మీద ఇప్పుడెలా పెడతారు? ఆయన వచ్చారా?"

బయట ఉన్నాడని చెప్పక తప్పలేదు. నాయిన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికొచ్చాడు. వేరే తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అక్కడితో అయిపోయింది అనుకున్నాను. అప్పుడు మేడం మెత్తగా అడిగింది.

"మీ అమ్మాయి ఇందులో మీ గురించి రాసింది. మీరు తాగుతారని. మీకు తెలుసా?"

నాయిన నావైపు చూడలేదు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఉండే మొహమే ఉంది.

"తెలుసు మేడం. తాగుతుంటి. ఇప్పుడు బంద్ వెట్టిన" అన్నాడు.

ఆ గదిలో నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. సీటు నా కళ్ల ముందు ఉంది. నేను అనలేదు.

తిరుగు రైలు జనగామలో ఆగినప్పుడు నాయిన కిందికి దిగాడు. స్టేషన్‌లో బఠాణీలు కొని సగం నా దోసిట్లో పోశాడు. బండి కదిలాక, కిటికీలోకి చూస్తూ చెప్పాడు.

"లామినేషన్ మిషిన్ గరమయ్యేదాంక ఊకె కూసున్న. కూసోని ఏం జేస్తా అని సదివిన."

నేను తల వంచుకున్నాను.

"గది వెనకింటామె కథ గదా. మంచిగనే రాసినవ్. తాగితె ఒట్టు తప్పుతది గని, తాగిన అని అంటె తప్పదు. నువ్వు పరేషాన్ గాకు. గని మీ అమ్మకు జర సూపియ్యకు."

సీటు వచ్చింది. చేరేరోజు అమ్మ కొత్త చీర కట్టుకుని మాతో వచ్చింది. ఆఫీసులో నా ఫైలు తిరిగి తీసుకుని, ఫీజు కాగితాలు నింపుతుంటే ఆ మేడం ఎదురైంది. నన్ను చూసి, అమ్మను చూసి, దగ్గరికొచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆమె మనసు మంచిది, ఆమె తప్పేమీ లేదు.

"ఎంత ఓర్చుకున్నారో కదమ్మా. ఆయన తాగుడు మానేశారట, చాలా సంతోషం."

అమ్మ నవ్వబోయి ఆగింది. నాయిన వైపు చూసింది. నాయిన నేల వైపు చూశాడు. మేడం వెళ్లిపోయాక అమ్మ నా హాస్టల్ గదికి వచ్చింది. నా పరుపు సర్ది, బకెట్టు మూల పెట్టి, నా నుదుటి మీద ముద్దు పెట్టి, ఆయనకు నాలుగడుగుల ముందు నడుస్తూ గేటు దాటింది. ఇంటికి పోయాక ఎప్పుడు తాగావని అడిగిందట. నాయిన "ఎప్పుడో ఓసారి" అన్నాడట. నిజం చెబితే నా పేజీ బయటపడుతుంది.

ఇది నాకు వెంటనే తెలియలేదు. మూడు వారాల తర్వాత ఆదివారం వీడియో కాల్ చేస్తే నాయిన తలకు తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. ఎందుకని అడిగితే ఎండ అన్నాడు. వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది.

"సూపియ్యి బిడ్డకు. కురవికి వొయ్యి తప్పయిందని ఎంటికలిచ్చి వచ్చిండు."

నాయిన తువ్వాల తీసి, నున్నటి గుండు మీద చెయ్యి రాసుకుని నవ్వాడు. చేయని తప్పుకు దేవుడి ముందు కూర్చుని గుండు గీయించుకున్నాడు. నేను సిగ్నల్ లేదని చెప్పి ఫోను కట్ చేశాను. ఆ అబద్ధం కూడా నాదే.

రెండో శనివారం ఇంటికి పోయాను. అమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. లామినేషన్ చేసిన పేజీ ఆమె ఒళ్లో పెట్టాను. అమ్మ పది దాకా చదివింది. చేతులు చీరకు తుడుచుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చింది.

"గీ దెబ్బలు తిన్నది నేనేనా?" అంది.

"కాదమ్మా. వెనకింటక్క."

"ఆమె దెబ్బలు గూడ అమ్ముకున్నవా?" ఆ మాట అరవకుండా అంది. తర్వాత కాగితం నావైపు తోసింది. "ఇరువై ఏండ్ల సంది తాగనోన్ని పట్టుకోని నేను ఇంటిమనిషినేనా అని అడిగిన. పక్కల కూసుండనియ్యలే. గాయిన ఎంటికలెవరిస్తరే? నువ్విస్తవా?"

ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. నన్ను దగ్గరికి తీసుకోలేదు. మిరపకాయల గంప పక్కకు జరిపి, లేచి లోపలికి పోయింది. కాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి, నన్ను దాటుకుని, షెడ్డులో ఉన్న నాయిన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన చుట్లు లెక్కపెడుతున్నాడు. అయిపోయేదాకా చెంబు పట్టుకుని నిలబడింది.

నేను వెనకాలే వెళ్లి, సోమవారం కాలేజీలో మేడంకు కూడా చెప్పేస్తానన్నాను. నాయిన నీళ్లు తాగి, చెంబు అమ్మకిచ్చి, నా చేతిలోని కాగితం వైపు చూశాడు.

"చెప్తె సీటు పోతదా బిడ్డా?" అన్నాడు.

ఇప్పుడు నేను రెండో సంవత్సరంలో ఉన్నాను. నా ప్లాన్ ప్రకారం సౌండూ ఎడిటింగూ నేర్చుకుంటున్నాను. మేడంకు ఇంకా చెప్పలేదు. కారిడార్‌లో కనపడినప్పుడల్లా ఆమె ఆగి, భుజం మీద చెయ్యి వేసి, నాన్నగారు మళ్లీ మొదలుపెట్టలేదు కదా అని అడుగుతుంది.

"లేదు మేడం, మా నాయిన తాగడు" అంటాను. ఆమె చాలా సంతోషపడుతుంది.