మిడత గడ్డం పట్టుకున్న మనిషి

కెమెరా పట్టుకున్న మొదటిరోజే ఆయన ఓ మిడతతో "కొంచెం ఇటు తిరగండి సార్" అన్నాడు. అది తిరగలేదు. అలవాటు కొద్దీ రెండు వేళ్లు చాచి, దాని గడ్డం పట్టుకుని పక్కకి తిప్పబోయాడు. మిడతకి గడ్డం ఉంటుందా ఉండదా అన్నది తర్వాత సంగతి, అదైతే ఆయన ముక్కు మీదుగా గెంతి గోడ అవతల పడింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న బావమరిది కడుపు పట్టుకుని నవ్వాడు.

ఆయనది సెలూను. వచ్చినవాళ్ల తలలు వేలికొసతో అటూ ఇటూ తిప్పుతూనే సగం జీవితం గడిచిపోయింది. బయట ఎంత దర్జా వెలగబెట్టేవాడైనా ఆ కుర్చీలో కూచున్నాక ఆయన వేలు ఎటు నెడితే అటు తిరగాల్సిందే. వీధిలో ఆయన్ని అందరూ "మెత్తచెయ్యి" అంటారు. కత్తి ఆడుతున్నట్టే తెలియదనీ, కళ్లు తెరిచేసరికి గడ్డం అయిపోయి ఉంటుందనీ చెప్పుకునేవారు. కొందరు కుర్చీలోనే గురక పెట్టేవారు కూడా. మెషీన్లు వచ్చాక జుట్టు కత్తిరించే పనంతా బావమరిదికి వదిలేశాడు గానీ, కత్తిని మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. బావమరిదిది మొరటు చెయ్యి అని ఆయన గట్టి అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని కస్టమర్ల ముందు కూడా దాచుకునేవాడు కాదు.

అలాంటిది, ఈ మధ్య ఆ మెత్తచెయ్యి మాట వినడం లేదు. కత్తి చెవి కిందికి వచ్చేసరికి సన్నగా అదురుతోంది. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రాత్రి నిద్ర చాల్లేదనుకున్నాడు, కాఫీ ఎక్కువైందనుకున్నాడు. గాట్ల మీద రాసే పటిక తొందరగా అరిగిపోతోంటే, ఈమధ్య పటిక కూడా నాసిరకం వస్తోందని షాపువాడితో పోట్లాడి వచ్చాడు.

సరిగ్గా అప్పుడే అల్లుడు కెమెరా పంపాడు. మోజుపడి కొని, మోజు తీరాక అటకెక్కించిన కెమెరా అది. చీమని ఏనుగంత చేసి చూపించే లెన్సు కూడా ఉంది.

"మావయ్యగారూ, నేను నాలుగు పూలు తీసి విసుగొచ్చి వదిలేశాను. మీరు ఎలాగూ సన్నపని చేసే మనిషి. ఇది మీకే సరిపోతుంది" అన్నాడు ఫోన్లో.

ఆ "సన్నపని" అన్న మాట ఆయనకి బాగా నచ్చింది. కత్తి కంటే సన్నని పని ఇస్తే చెయ్యి అదే దారికొస్తుందని మనసులో ఓ లెక్క వేసుకున్నాడు. పురుగుల మీద ప్రేమ పుట్టి మొదలుపెట్టిన పని కాదది. ఎలాగైనా చేతిని బాగు చేసుకోవాలి, అంతే.

సెలూను వెనక ఓ ఇరుకు దొడ్డి ఉంది. తలలు కడిగిన నీళ్లు అక్కడికే పోతాయి కాబట్టి గోడ అంచున గడ్డి, నాచు, పేరు తెలియని పిచ్చిమొక్కలు విరగబడి పెరిగాయి. మధ్యాహ్నం బేరాలు పలచబడగానే ఆయన కెమెరా మెళ్లో వేసుకుని అక్కడ చతికిలబడేవాడు. చేసినవన్నీ సెలూను పనులే. ఆకుల మీద దుమ్ముంటే జుట్టు తడిపే సీసాతో నీళ్లు చిమ్మాడు. ఆకు మీదున్న పురుగు కాస్తా కొట్టుకుపోయింది. వెనక గోడ అసహ్యంగా కనపడుతోందని, సాలీడు వెనకాల తెల్లటి టవలు పట్టాడు. సాలీడు గూడు వదిలేసి టవలెక్కింది. పైగా ప్రతి ప్రాణికీ "కదలకండి, అయిపోయింది, అయిపోయింది" అని ధైర్యం చెప్పేవాడు.

"ఏమండీ, పురుగులకి కూడా టవళ్లు కప్పుతున్నారా? ఉతికేది నేను" అని భార్య కేకలేసింది.

ఒక నాలుగు రోజులకి పాఠాలు కొన్ని ఒంటబట్టాయి. పురుగు మన దగ్గరికి రాదు, మనమే దాని దగ్గరికి వెళ్లాలి. మన నీడ దాని మీద పడకూడదు. ఎండ తగలక ముందు పురుగులు బద్ధకంగా ఉంటాయి, అప్పుడైతే మాట వింటాయి. అన్నిటికంటే కష్టమైనది ఇంకొకటి. అంత దగ్గర నుంచి తీసినప్పుడు బొమ్మలో వెంట్రుకవాసి మందమే స్పష్టంగా వస్తుంది. కన్ను దొరికితే మీసం దొరకదు, మీసం దొరికితే కాళ్లు మసక. ఊపిరి పీల్చినంత మాత్రాన కన్ను కాస్తా చేజారిపోతుంది.

ఆయన ఫొటోల్లో కన్నూ లేదు, మీసమూ లేదు. అంతా అలికేసినట్టుండేది. మిడత ఆకుపచ్చటి పొగలా, సాలీడు ఒలికిన సిరాలా వచ్చేవి. గాలి వల్ల అనుకున్నాడు. గాలి లేని రోజున కెమెరా పాతదన్నాడు. అల్లుడికి ఫోన్ చేస్తే, "మావయ్యగారూ, దగ్గరికి వెళ్లే కొద్దీ చేతి అదురు కూడా పెద్దదై కనపడుతుంది. అది అందరికీ ఉండేదే" అన్నాడు. ఆ "అందరికీ" అన్న ఒక్క మాట పట్టుకుని ఆయన ఇంకొన్నాళ్లు హాయిగా గడిపాడు.

ఆ హాయి కాస్తా ఓ మధ్యాహ్నం బావమరిది చేతుల్లో హరించుకుపోయింది. గోడ మీద ఓ నత్త తీరిగ్గా పాకుతోంది. ఆయన దాన్ని తీసీ తీసీ, ఒక్కటీ కుదరక తల పట్టుకున్నాడు. బావమరిది ఓ చేత్తో బిస్కెట్టు నములుతూ వచ్చి, "ఇలా ఇవ్వు బావా, నేనూ ఓసారి నొక్కుతా" అన్నాడు. రెండో చేత్తో కెమెరా ఎత్తి, ఒక కన్ను మూసి, నొక్కేశాడు. కెమెరాని ముట్టుకోవడం అదే మొదలు వాడికి.

ఫొటోలో నత్త కొమ్ము కొసన నల్లటి చుక్కంత కన్ను స్పష్టంగా ఉంది. దాని ఒంటి మీద గరుకు, గుల్ల మీద గీతలు, జిగురులో అంటుకున్న ఓ చిన్న వెంట్రుక కూడా కనపడుతున్నాయి.

"భలే వచ్చిందే! ఇంత తేలికా ఇది?" అన్నాడు బావమరిది.

ఆయనకి కోపం వచ్చింది. "బిస్కెట్టు పొడి కెమెరాలో పడితే నువ్వు కొనిస్తావట్రా?" అని ఒంటికాలి మీద లేచాడు. బావమరిదికి తను చేసిన తప్పేంటో అర్థం కాక, మిగిలిన బిస్కెట్టు జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు. ఆయన ఆ ఫొటోని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. మొరటు చెయ్యి తీసిన ఫొటో అది. భయం వేసింది.

డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్లాడు. చేతులు చాచమన్నారు, చాచాడు. కాగితం మీద గుండ్రంగా చుట్టలు గీయమన్నారు, గీశాడు. చుట్టల అంచులు రంపం పళ్లలా వచ్చాయి. మాత్రలతో కొంత తగ్గుతుందనీ, పూర్తిగా పోతుందని మాటివ్వలేననీ డాక్టరు చెప్పారు. ఏం పని చేస్తారని అడిగితే, "షాపుందండీ" అన్నాడు. ఏం షాపో చెప్పలేదు.

అయినా కెమెరా మానలేదు. ఎందుకు మానలేదో ఆయనకే తెలియదు. బహుశా అప్పటికి పురుగులంటే నిజంగానే ఇష్టం పుట్టుకొచ్చి ఉంటుంది. చేత్తో పట్టుకోకపోతే ఏమవుతుందో చూద్దామని ఓ పొద్దున్నే షాపు తెరిచి, చంటిపిల్లల్ని కూచోబెట్టడానికి కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్క తీశాడు. దాన్ని కుర్చీకి వేసి, మీద కెమెరా పెట్టి, కింద టవళ్లు దోపాడు. దొడ్లోంచి ఓ కొమ్మ తెంపి, దాని మీద నిద్రమత్తులో ఉన్న తూనీగతో సహా సీసాలో గుచ్చి అద్దం ముందు నిలబెట్టాడు. కుర్చీ మీట తొక్కుతూ కెమెరాని కొంచెం కొంచెంగా పైకి లేపాడు. మీట నొక్కీ నొక్కీ కాలికి కూడా ఆ పని అలవాటే కదా, ఎంత ఎత్తు కావాలో అంతకి చటుక్కున ఆగింది. బటను నొక్కిన కాసేపటికి తనంతట తనే ఫొటో తీసుకునే ఏర్పాటు కెమెరాలో ఉంది. నొక్కి, చెయ్యి తీసేసి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

తూనీగ కన్ను వచ్చింది. కన్నులో తేనెపట్టులా లెక్కలేనన్ని గదులు, రెక్క మీద నీటి బిందువులు, ఆ బిందువుల్లో తలకిందులుగా సెలూను కిటికీ కనిపించాయి. ఆయన "అబ్బ" అన్నాడు. పక్కన ఎవరూ లేకపోయినా ఇంకోసారి అన్నాడు. చాలా రోజుల తర్వాత కలిగిన సంతోషం అది. మాటలకందని సంతోషమే గానీ, వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. కెమెరాకైతే చెక్క ఉంది. కత్తిని ఏ చెక్క మీద పెడతాం?

తూనీగని కొమ్మతో సహా దొడ్లో వదిలి వచ్చేసరికి టైపు మాస్టారు మెట్లెక్కుతున్నారు. ఒకప్పుడు ఈ వీధిలో సగంమందికి టైపు నేర్పిన మనిషి. ఇప్పుడు మాస్టారికున్న పనల్లా పేపరు చదవడం, ఇక్కడికి వచ్చి గడ్డం గీయించుకోవడం. ఇంకొకరి చేత గీయించుకోరు. ఈయన ఊళ్లో లేకపోతే గడ్డం పెంచుకుని తిరుగుతారు తప్ప బావమరిది ముందు కూచోరు.

ఆయన చెక్క తీసేసి, మాస్టార్ని కూచోబెట్టి, మెడకి గుడ్డ చుట్టి, నురగ పట్టించాడు. కత్తి విప్పాడు. అద్దంలో కత్తి కొస కనిపించింది. మాస్టారు అప్పటికే కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చేశారు. గొంతు మీద చర్మం వదులుగా ఉంది.

కత్తి మడిచాడు.

"ఏరా, ఇలా రా" అని బావమరిదిని పిలిచాడు. "మాస్టారికి నువ్వు చెయ్యి."

బావమరిది నోరు తెరిచాడు. "నేనా? కత్తితోనా?"

"మరి గరిటెతోనా? రా."

మాస్టారు అభ్యంతరం చెబుతారని ఆయన ఎదురు చూశాడు. నిజానికి చెప్పాలనే కోరుకున్నాడు. మాస్టారు కళ్లు కూడా తెరవకుండా, "సరే, రమ్మను" అన్నారు.

అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆయనకి గుచ్చుకుంది. "ఎందుకని అడగరేం మాస్టారూ?"

"ఏం అడగనోయ్, ఎండలు ముదరకముందు నుంచీ చూస్తూనే ఉన్నాగా."

"మీకు తెలుసా? తెలిసి కూడా వస్తున్నారా? ఇంకో షాపుకి పోవచ్చుగా!"

"పోతే నేను చూశానని నీకు తెలిసిపోదూ?" అన్నారు మాస్టారు.

ఆయనకి సిగ్గేసింది. ఇన్నాళ్లూ తను దాచాననుకున్నదాన్ని గొంతు అప్పగించి మరీ ఇంకొకరు దాచారని తెలిసి, చెంప మీద కొట్టినట్టయింది. కత్తి బావమరిది చేతికిచ్చాడు.

"పై నుంచి కిందికి. బొటనవేలు అక్కడ కాదు, ఇక్కడ. తొందరపడకు" అని చెబుతూ పక్కన నిలబడ్డాడు. బావమరిది ఊపిరి బిగబట్టి మొదలుపెట్టాడు. ఒక చెంప బాగానే అయ్యింది. దవడ మలుపు దగ్గర చిన్న గాటు పడింది. రక్తం చూసి వాడు బిక్కచచ్చిపోయాడు.

"పర్వాలేదు, కానివ్వు. నాకు అలవాటే" అన్నారు మాస్టారు.

ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. చేతులు తుడుచుకుంటున్నట్టు టవలు తీసుకుని బయట మెట్ల మీద కాసేపు నిలబడ్డాడు. లోపలికి వచ్చేసరికి రెండో చెంప అయిపోవచ్చింది.