సన్మానం మధ్యలో ఊదిన విజిల్

ఉద్యోగంలో నాకది చివరి వేసవి. తణుకుకు దగ్గర్లోని ఒక పట్టణంలో రిక్రియేషన్ క్లబ్బువారు పిల్లలకు ఏప్రిల్, మే నెలల్లో ఈత శిబిరం పెట్టారు. కోచ్‌గా నన్ను డెప్యుటేషన్ మీద పంపారు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లకు ఎలాగూ తెలుసు.

ఈత నేర్పడం కోచ్ పనిలో సగమే. నీళ్లలో దిగిన పిల్లల్లో ఎవరు ఎక్కడున్నారో తెలిసి ఉండడం మిగతా సగం. మునిగిపోయే పిల్లలు చాలాసార్లు కేకలు వెయ్యరు, చప్పుడు లేకుండా కిందికి పోతారు. అందుకని జోడీ పద్ధతి పెడతాం. పొడుగ్గా విజిల్ ఊదగానే పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగి, తమ జోడీ చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. ఒంటరి చెయ్యి కనబడితే అందరినీ గట్టెక్కించి, లైఫ్‌గార్డులు కొలను అడుగంతా వెతుకుతారు. ఇంటికెళ్లి ఉంటాడులే అనుకోవడానికి వీల్లేదు.

ఈ పద్ధతి క్లబ్ సెక్రటరీగారికి మొదటి రోజు నుంచీ నచ్చలేదు. "మాటిమాటికీ ఆ కూతేంటండీ మాస్టారూ, గూడ్సుబండి గానీ వస్తోందా?" అని పదిమందిలో నవ్వించారు. నేను మర్చిపోలేదు.

ముగింపు రోజున కొలను గట్టు మీదే వేదిక కట్టారు. పిల్లల్ని పైకి తీశాక సభ పెట్టుకోండని చెప్పాను. వెనకాల పిల్లలు ఈదుతుంటేనే ఫొటో బాగుంటుందట. నా మాట చెల్లలేదు. ముఖ్య అతిథికి శాలువా కప్పుతుండగా జోడీలు చూసే వేళయింది. ఊదాను. మైకులో సెక్రటరీగారి పొగడ్త సగంలో ఆగిపోయింది.

చేతులు జంటలుగా లేచాయి. నడుమ లాస్య అనే అమ్మాయి ఒక్కతే ఒక్క చెయ్యి ఎత్తి దిక్కులు చూస్తోంది. ఆమె జోడీ, ఎనిమిదేళ్ల చరణ్, లేడు.

అందరినీ గట్టెక్కమని అరిచాను. లైఫ్‌గార్డులిద్దరూ దూకారు. చరణ్ వాళ్లమ్మ వచ్చి నా చొక్కా పట్టుకుంది. "మావాడేడండీ మాస్టారూ? శాలువా కప్పుతుంటే అటు చూశానండీ, అంతేనండీ" అంటోంది. ఒక లైఫ్‌గార్డు పైకి తేలి, "ఈ పక్క లేడండీ" అని మళ్లీ మునిగాడు.

అప్పుడు వేదిక వెనక నుంచి వచ్చాడు చరణ్. తల దువ్వి ఉంది, మొహాన పౌడరు, చేతిలో బొకే. అతిథిగారికి బొకే ఇవ్వడానికి ముద్దుగా ఉన్న పిల్లాడు కావాలని, సెక్రటరీగారే మనిషిని పంపి వాణ్ణి వెనక మెట్ల మీంచి పైకి తీయించారు. ఎవరికీ చెప్పలేదు.

అడిగితే, "మన పిల్లాడే కదండీ! దానిక్కూడా మీ పర్మిషనేంటండీ? పెద్దాయన ముందు పరువు తీసేశారు" అని నా మీదే ఎగిరారు. పెద్దాయన మాత్రం, "మా సన్మానానికి సన్నాయి లేని లోటు తీర్చారండీ మాస్టారు" అన్నారు. అంతా నవ్వారు. చరణ్ వాళ్లమ్మ నవ్వలేదు. తడి గచ్చు మీద కూలబడి కొడుకుని వాటేసుకుంది. బొకే ఇద్దరి మధ్యా నలిగిపోయింది. అతిథిగారికి అందలేదు.

నా కోసం తెచ్చిన శాలువా మడత విప్పకుండానే తిరిగి వెళ్లింది. సభా మర్యాదకు భంగం కలిగించానంటూ వారంలోగా మా ఆఫీసు నుంచి మెమో వచ్చింది. క్షమాపణ రాసిస్తే సరిపోతుందని మా పై అధికారి నచ్చజెప్పారు. రాయలేదు. పిల్లాడు నీళ్లలో లేడన్న సంగతి వాడు కళ్లబడ్డాకే తెలిసిందనీ, అలాంటి వేళ మళ్లీ వస్తే మళ్లీ ఊదుతాననీ జవాబిచ్చాను. ఆ మెమోను రద్దు చేయకుండానే నన్ను రిటైర్ చేశారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. నీళ్లలోంచి పిల్లల్ని తీసేవాళ్లు ఎంతటివాళ్లయినా కోచ్‌కి చెప్పే తీయాలి. చెప్పనంతసేపూ ఆ పిల్లలు నీటి అడుగున ఉన్నట్టే లెక్క.