తాళం మాస్టారు

మాస్టారు ఎవరింటికి వెళ్లినా ముందు అడిగేది మంచినీళ్లు కాదు, బీరువా తాళం. తనలాగే పురావస్తు శాఖలో పురాతన దిబ్బలు తవ్వి రిటైరైనవాళ్ల ఇళ్లలో, అచ్చుకాని నోటుపుస్తకాలూ పటాలూ బీరువాల్లో మగ్గుతుంటాయి. వాటిని స్కాన్ చేసి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టడమే ఆయన పని. స్కానర్ చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడంటే ఇక జలగే.

పరామర్శలకు వెళ్లినా అంతే. ఆసుపత్రి మంచం మీదున్న పాత సహోద్యోగిని, "ఎలా ఉంది? తాళం ఎవరి దగ్గరుంది?" అని ఒకే ఊపిరిలో అడిగాడు. పక్కనున్న మాస్టారి భార్యకు తల కొట్టేసినట్లయింది.

"కాస్తయినా సిగ్గుండక్కర్లేదూ?"

"ఆయనకు జ్వరం తగ్గుతుందే. చెదలకు ఆకలి తగ్గుతుందా?"

ఆవిడ అసలు బెంగ తన సొంత అన్నయ్య గురించి. పదకొండేళ్లు ఒక దిబ్బ తవ్వి, ఒక్క పేజీ నివేదిక రాయని మనిషి. ఆ ఊసెత్తితే లేచి వెళ్లిపోతాడు. ఆ కాగితాలకు చెదలు పడితే పదకొండేళ్లూ మళ్లీ మట్టిలో కలిసినట్లే. అలాగని అడిగితే, పుట్టింటి గడప తొక్కనివ్వడేమో!

మొన్న ఆదివారం వాళ్లింటికి బయల్దేరారు. "తాళం మాటెత్తారో, నేనిటునుంచిటే వెనక్కి పోతా" అని దారంతా బెదిరించింది. ఆయన బుద్ధిగా తలూపాడు. అక్కడ కుర్చీలో కూర్చున్నాడో లేదో, "బావా, తాళం!" అన్నాడు.

అన్నయ్య మొహం మాడ్చుకున్నాడు. "అన్నీ తప్పులే బావా. కొలతలు తప్పు, పొరల లెక్క తప్పు. నలుగురూ నవ్వుతారు. నేను పోయాక ఏమన్నా చేసుకో."

ఆవిడ భర్తను గట్టిగా గిల్లింది. ఆయన పట్టించుకోకుండా ఫోన్ తీసి బావ చేతిలో పెట్టాడు. "మన సైట్లో మొట్టమొదటి కాగితం ఇదే. పైకి చదువు."

అది మాస్టారు ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన నోటుపుస్తకం. ఒక కుండ దొరికిందనీ, రెండువేల ఏళ్లనాటిదనీ, రాజులు వాడి ఉంటారనీ నాలుగు పేజీలు. అయిదో పేజీలో ఒక్కటే ముక్క: "కుండ మన కూలీది. దాహమేసి వచ్చి పట్టుకెళ్లాడు."

అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "దీన్నెందుకు పెట్టావయ్యా? చింపేస్తే పోయేదిగా!"

"చింపేస్తే నిన్ను ఏ మొహం పెట్టుకుని అడగను?"

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడకు ఈ కుండ సంగతే తెలియదు. పెళ్లానికి కూడా చెప్పుకోని పరువుతక్కువను, ఎదుటివాళ్ల బిడియం పోగొట్టడానికి లోకం ముందు పెట్టాడీయన. ఆవిడకు మొగుడిమీద ఎక్కడలేని గర్వం కలిగింది.

అన్నయ్య కళ్లు తుడుచుకుంటూ వెళ్లి బీరువా తెరిచాడు. "కుండ కూడా ఒక తప్పేనా? మొదటి ఏడాది మేమే తవ్వి పూడ్చిన గుంటను, రెండో ఏడాది ప్రాచీన కాలపు బావి అని పదహారు పేజీలు రాశాను. ముందు అది స్కాన్ చెయ్!"