కడుపుతో ఉన్న పాము

నా పెంపుడు బోవా పాము కడుపుతో ఉందని తెలిసిన వారానికే అమ్మ అమెరికాలో నేనుండే రెడ్‌మండ్‌కి వచ్చింది. గాజు పెట్టె చూసి గది గుమ్మంలోనే ఆగిపోయింది.

"నిన్ను పెళ్ళి చేసుకోమని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, నువ్వు పాముకి చేశావుటే?" అంది.

చేశాననే చెప్పాను. ఆఫీస్‌లో ఒకతని దగ్గర మగపాముని అడిగి తెచ్చి చలికాలమంతా జతగా ఉంచాను. పాముని పెంచడం నాకు కొత్త కాదు. పిల్లలు పెట్టించడం మాత్రం అదే మొదటిసారి.

ఈ జాతి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఆ సంగతి విన్నాక అమ్మ కాస్త మెత్తబడింది. నేను డ్యూటీకి పోతే అపార్ట్‌మెంట్‌లో పలకరించే దిక్కు లేదు, బయట చూస్తే ఒకటే ముసురు. కొన్నాళ్ళకి పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ, పాముతో కబుర్లు మొదలుపెట్టింది. అది తిండి మానేసి, నేను చూసినప్పుడల్లా వేడి లైటు కింద చుట్టుకుని పడుకుని ఉండేది.

"వేవిళ్ళేమోనే పాపం" అనేది.

ఆ పిల్లల మీద నేను పెట్టుకున్న ఆశ ఎవరికి చెప్పినా నవ్వుతారు. జాబ్ కోసం ఒక ఊరు, వీసా కోసం ఇంకో ఊరు అంటూ తిరిగిన నాకు, నా చేతుల మీద ఏదైనా పుట్టడం చూడాలని ఉండేది.

ఒక శనివారం ఉదయం పుట్టాయి. అన్నీ చచ్చి పుట్టాయి. పల్చటి పొరల్లో, ఒంటి మీద మచ్చలతో సహా పూర్తిగా తయారైన పిల్లలు. ఒక్కొక్క పొరా చింపి, గోరువెచ్చటి నీళ్ళలో రుద్ది చూశాను. ఒక్కటీ కదల్లేదు. మగపాము ఇచ్చినతనికి ఫోన్ చేశాను.

"హీట్ లాంప్ ఎప్పుడైనా ఆఫ్ అయ్యిందా? వేడి తగ్గితే పిల్లలు లోపలే పోతాయి" అన్నాడు. నేను చూస్తుండగా ఎప్పుడూ ఆగలేదన్నాను.

లైటు ఆపి పెట్టె శుభ్రం చేస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నేను చెయ్యగలిగింది చేశానే. నువ్వు ఆఫీస్‌కి వెళ్ళగానే ఆ లైటు ఆపేసేదాన్ని, నువ్వొచ్చే ముందు వేసేదాన్ని. కడుపుతో ఉన్నది పొద్దస్తమానం ఆ సెగలో పడుంటే వేడి చెయ్యదూ? అయినా నిలవలేదు."

నా ఒళ్ళు మండిపోయింది. అంతా నీ మూలానే అనబోయాను. అమ్మ నా వైపు చూడటం లేదు, ఆ పిల్లల వైపే చూస్తోంది.

"నా మొదటి కాన్పూ ఇంతే. నెలలు నిండిన మగపిల్లాడు. బొప్పాయి తిన్నాననీ, వేడి చేసి పోయాడనీ, మీ నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ దెప్పుతూనే ఉంది."

నాకంటే ముందు ఒకడు పుట్టాడని ఆ రోజు దాకా నాకు తెలియదు.

"దీనికెందుకిలా అయిందే?" అని అడిగింది.

"ఎందుకనేం లేదమ్మా. మొదటి కాన్పుకి ఒక్కోసారి ఇలా అవుతుంది. ఎవరి తప్పూ కాదు" అన్నాను.



"అప్పుడు నాతో ఈ మాట ఒక్కరైనా అనలేదు" అంది అమ్మ.

తర్వాత లేచి, బాలింతకి ఒళ్ళు వెచ్చగా ఉండాలంటూ, నేను ఆపిన లైటు తనే వేసింది.