కిటికీ నిండా నల్లేరు

నల్లేరును ఎవరి ఇంట్లో ఎవరు పెంచుకున్నా నాకు పేచీ లేదు. మా ఇంట్లో మాత్రం దాన్ని తెచ్చి, ఉన్న ఒక్క కిటికీ దగ్గర పెట్టారు. మాది సత్తుపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. వంటగదికి కిటికీయే లేదు. ముందుగది కిటికీ కింద నా కుట్టుమిషన్ ఉండేది. నేను జాకెట్లు కుడతాను. నల్లగుడ్డ మీద నల్లదారంతో హెమ్మింగ్ చేసేవాళ్లకు వెలుతురు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

మా ఆయన బొగ్గు ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు మీద డంపర్ లారీ నడిపేవాడు. ఒక వానరోజు డ్యూటీ దిగుతూ డంపర్ నిచ్చెన మీద కాలు జారి కిందపడ్డాడు. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. ఖమ్మంలో ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. ఇంటికి తెచ్చాక మంచం ముందుగదిలోనే, మిషన్‌కు ఎదురుగా వేశాం. వారం తిరక్కుండా మా అత్తమ్మ వచ్చింది. ఆమెది ములకలపల్లి దిక్కున అడవి అంచు ఊరు. బస్సు దిగి, సంచిలోంచి పాత చీరముక్క తీసి విప్పింది. అందులో జానెడు జానెడు నల్లేరు ముక్కలు రెండున్నాయి, విరిగిన ఎముక అతుకుతుందని నూరి కట్టే తీగ.

డాక్టరు కట్లూ లేపాలూ వద్దన్నాడని ముందే చెప్పాను, గొడవెందుకని. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"కట్టు ఎవరు కడ్తమన్నరు? రాడ్ రాడ్ పని చేస్తది. ఇది దీని పని చేస్తది. ఉండనియ్యి."

ఆ ముక్కల్ని వెంటనే నాటలేదు. కోసిన చివర ఆరాలని రెండురోజులు మంచం కింద నీడలో పెట్టింది. పచ్చిగాయంతో మట్టిలోకి పోతే కుళ్లుతదట. తర్వాత పెయింటు డబ్బా అడుగున చిల్లులు కొట్టి, ఇసుకా చిన్నరాళ్లూ కలిపిన మట్టిలో గుచ్చి, నా మిషన్ పక్కనే కిటికీ గట్టు మీద పెట్టింది. మంచం మీంచి కొడుకుకు కనపడాలట. పెట్టి, నా వైపు తిరిగి చెప్పింది.

"వాని కాలు నేల మీద ఆనేదాక దీనికి ఇనుము తగలొద్దు బిడ్డా. మా ఇంట్ల ఎవరికి బొక్క ఇరిగినా గిట్లనే చేస్తం. పచ్చడికి కావాల్నంటే లేత కొస కణుపు కాడ చేత్తో ఇరువు, చేతులకు నూనె రాస్కొని. కత్తీ కత్తెరా పెట్టకు."

నా చేతిలో కత్తెర ఉండగానే చెప్పింది ఆ మాట. మా ఆయన మంచం మీంచి, "గట్లనే అను, పోయేదేముంది," అన్నాడు నవ్వుతూ. అప్పటికింకా నవ్వుతున్నాడు.

మొదటి నెల అది మొండికేసింది. చచ్చిందేమోనని లోపల సంతోషించాను కూడా, ఇప్పుడు దాచడమెందుకు. తర్వాత వానలు బాగా పడ్డాయి, అది వేళ్లూనుకుంది. ఒక కణుపు మీద ఇంకో కణుపు, నాలుగు పలకల కాడలు, కణుపు దగ్గర ఒక ఆకు, ఆకుకు ఎదురుగా నులితీగ. ఆ నులితీగ కిటికీ చువ్వను చుట్టిందంటే ఊడదీయడం నా వల్ల కాలేదు. టేపుతో కొలిచాను. వారానికి జానెడు పైనే. చిన్నపిల్లకు కుట్టిన గౌను కూడా అంత జల్దీ పొట్టి కాదు.

నాకు తోచినవన్నీ చేశాను. కాడల్ని ఒకవైపుకు లాగి జాకెట్టు పీలికలతో చువ్వలకు కట్టాను. అవి పీలికల మీదుగా మళ్లీ నా వైపే వచ్చాయి. డబ్బాను తిప్పిపెట్టాను. బరువుకు అది ఒరిగి, మిషన్ మీద మట్టి పోసింది. నీళ్లు మానేశాను. ఒంటి నిండా నీళ్లు దాచుకునే మొక్క అది, నా పంతం దానికి లెక్కేముంది. మైన్‌లో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా కిటికీ చువ్వలు అదిరేవి, దుమ్ము వచ్చి ఆకుల మీద కూర్చునేది. అత్తమ్మ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేది. నా కళ్లకు వెలుతురు లేదని మాత్రం ఎవరికీ తోచలేదు.

దసరా ముందు పని ఎక్కువైంది. ఆయన జీతం ఆగిపోయాక ఇల్లు నా మిషన్ మీదే నడుస్తోంది. ఒకామె పట్టుజాకెట్టుకు చేతులు తారుమారుగా కుట్టేశాను. ఇన్నేళ్లలో నాకు ఎన్నడూ అట్లా జరగలేదు. ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నాడు, అత్తమ్మ నల్లా దగ్గర ఉంది. ఒళ్లు మండి కత్తెర తీశాను. మిషన్ వైపు వచ్చిన నాలుగు కాడల్ని, కణుపో నడుమో చూడకుండా, గుడ్డ కోసినట్టు కోసేశాను. ముక్కలు ఎక్కడ దాచాలో తెలియక పీలికల సంచి అడుగున కుక్కాను. చేతులకు నూనె రాసుకోలేదు. సాయంత్రందాకా దురద పెడుతూనే ఉంది.

ఆ రోజునుంచి నాకు మనశ్శాంతి లేదు. నమ్మకం నాది కాదు, ఆమెది. అయినా ఆయన కాలు సలుపుతోందన్న ప్రతిసారీ నా కళ్లు కత్తెర మీదికి పోయేవి. పైగా కోసినచోట ఒక్కోదానికి రెండేసి చిగుళ్లు లేచాయి. నెల తిరిగేసరికి కిటికీ మునుపటికంటే చీకటైంది. పోనీలే పెరగనీ, అనుకున్నాను. పెరిగితే నా తప్పు కనపడదనుకున్నాను.

అత్తమ్మ పొద్దుపోక పీలికలతో బొంత కుట్టడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆ సంచి బోర్లించిందని బజారు నుంచి వచ్చాక చూశాను. పీలికలు రంగురంగులుగా కుప్పలు పెట్టి ఉన్నాయి. నల్లేరు ముక్కలు లేవు. ఆమె ఏమీ అడగలేదు. నేను మిషన్ ముందు కూర్చుని సూదికి దారం ఎక్కించబోయాను.

ఆర్నెల్లకు ఖమ్మం తీసుకుపోయాం. ఎక్స్‌రే చూసి డాక్టరు ఆయనతో, "ఇంకో మూడు నెలలు చూద్దాం, కాలు మీద బరువు వేయకు," అన్నాడు. ఆయన్ను చక్రాల కుర్చీలో బయటికి పంపి, నన్నూ అత్తమ్మనూ ఆగమన్నాడు. కింది విరుపు అతకలేదన్నాడు. మళ్లీ ఆపరేషన్ చేయొచ్చు, నడుస్తాడు, కానీ డంపర్ ఎక్కే కాలు కాదిక అన్నాడు. మెల్లగా మీరే చెప్పుకోండి అని కూడా అన్నాడు. తిరుగు ప్రయాణంలో పెనుబల్లి దాటాం. ఆయన, "మూడు నెల్లంటే ఎండాకాలంల డ్యూటీ ఎక్కుత," అన్నాడు. నేను అవ్ అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నాడు. నేను లైటు వేసుకుని కాజాలు కుడుతున్నాను. అత్తమ్మ వచ్చి నా పక్కన నిలబడి చెయ్యి చాచింది.

"కత్తెర ఇయ్యి."

ఎందుకని అడిగాను.

"నీకు వెలుతురు లేదు. ఇగ ఇంట్ల పనిజేసేది నువ్వొక్కదానివి."

నాకు ఏడుపొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని చెప్పేశాను. "అత్తమ్మా, దసరా ముందు నేనే కోసిన. నువ్వు వద్దన్నా కోసిన. నా వల్లనే..."

"ఎరుకే. సంచిల చూసిన గద. పీలికల నడుమ ఏర్లు గూడ ఏసినయ్, వాటిని ఎనక గోడ కాడ పెట్టిన." నా చేయి విడిపించుకుంది. "నీ కత్తెరకు బొక్క అతుకుడు ఆగుతదా బిడ్డా? నేను గప్పుడే అడగనీకి వచ్చిన. నువ్వు సూది కండ్ల కాడ పెట్టుకొని దారం ఎక్కియ్యలేక కూసున్నవ్. నాకు నోరు రాలే."

కత్తెర తనే తీసుకుంది. మొదలు దగ్గర పెట్టి కోసింది. చువ్వలకు చుట్టుకున్న నులితీగల్ని ఒక్కోటి తెంపింది. నూనె సంగతి ఆమే మరిచిపోయింది, మోచేతులదాకా ఎర్రగా దద్దుర్లు లేస్తున్నా ఆగలేదు. నేను ఆమెను ఆపాల్సింది. ఎందుకు ఆపాలో అప్పుడు తట్టలేదు. వెలుతురు వస్తుంటే, సిగ్గుచేటు, నా కళ్లకు హాయిగానే ఉంది.

చివరి తీగ కిందికి లాగగానే ఎండ నేరుగా మంచం మీద పడింది. ఆయన కళ్లు చిట్లించి లేచాడు. ఖాళీ కిటికీని చూశాడు, తల్లి చేతిలో కత్తెరను చూశాడు. తర్వాత దిండు మీద పెట్టిన కాలును చూసుకున్నాడు.

"అమ్మా," అన్నాడు, "నా కాలు ఇంకా ఆనలే గద. ఎందుకు కోసినవ్?"

ఆమె కత్తెరను నా మిషన్ మీద పెట్టి, వెళ్లి మంచం పట్టె మీద కూర్చుంది. నేను లైటు ఆపేశాను. ఎండాకాలం డ్యూటీ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.